డై ఎక్కించుకోబోతున్నారా? ముందు నా మాట వినండి

కాంట్రాస్ట్ సీటీ రాశారా? యాంజియో అన్నారా? కంగారు పడకండి. డాక్టరు రాసిన కాగితం జేబులో పెట్టుకుని, బంజారా హిల్స్ రోడ్ నంబర్ 1 దిగి పంజాగుట్ట వైపు రండి. నిమ్స్ దగ్గరి టీకొట్లలో పొద్దునపూట ఎక్కడో ఒకచోట నేను దొరుకుతాను. ఎర్రమంజిల్ జలసౌధలో కాలవల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. పుట్టింది కోనసీమలో, అంటే కాటన్ దొర నీళ్లు తాగి పెరిగాను. కిడ్నీ అంటే ఏమిటండీ? నీళ్లు వచ్చే తూము, నీళ్లు పోయే కాలవ. ఆ మాత్రం దానికి అంతేసి చదువులెందుకు? అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మూడు నెలలు జావా నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లున్నారు. కిడ్నీ డాక్టరు కావాలంటే మాత్రం ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆ పైన ఎండీ మూడేళ్లు, డీఎం ఇంకో మూడేళ్లు. సిలబస్ వేసుకోవడం చేతకాక కాదూ!

సంగతి చిన్నదే. డై అంటే అయోడిన్ ఉన్న మందు. నరంలోకి ఎక్కిస్తే రక్తనాళాలు, కడుపులో అవయవాలు స్కానులో తెల్లగా మెరుస్తాయి. ఒంట్లో దానికి వేరే పని లేదు. వచ్చినది వచ్చినట్టే కిడ్నీల గుండా మూత్రంలోకి పోతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఒక్క రోజులో దాదాపు అంతా బయటపడుతుంది. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీలైతే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎక్కడం మొదలెట్టి, మూడో రోజుకో ఐదో రోజుకో బాగా పైకి పోయి, చాలామందిలో వారం పది రోజుల్లో దిగుతుంది. కొద్దిమందిలో దిగదు. ఆ కొద్దిమందిలో మీరు పడకుండా చూసే పూచీ నాది.

ఒక్క చిక్కుంది. నిమ్స్‌లో రేడియాలజీ పీజీ చేస్తున్న ఓ అమ్మాయి, జగిత్యాల వైపు పిల్ల, సరిగ్గా నేను నోరు తెరిచే వేళకే టీకి దిగుతుంది. ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తుంది. పత్రికన్నాక రెండో పక్షం కూడా ఉండాలి గనక ఆమె అన్నవీ రాస్తున్నాను. మీరు పట్టించుకోనక్కర్లేదు.

మొట్టమొదట, ల్యాబు రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే చూడండి. పక్కన స్టార్ గుర్తు లేకపోతే కిడ్నీలు భేష్. "ఎంతమ్మా?" అంటే "1.3 బాబుగారూ" అంటారు. "నాకూ అంతే, పోయి హాయిగా స్కాను తీయించుకో" అంటాను. ఆ అమ్మాయి మాత్రం అక్కడే పేచీ పెడుతుంది. "అంకుల్, క్రియాటినిన్ కండల నుంచి వస్తది. కండ ఎక్కువున్నోళ్లకు సహజంగనే ఎక్కువ ఉంటది. ముసలమ్మకు కండ ఏడుంటది? గా అంకెతోటి వయసు, ఆడా మగా కలిపి, కిడ్నీ ఎంత వడగడ్తదో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్క తీయాలె" అని ఫోనులో టకటకా కొట్టి చూపించింది. 2021లో సవరించిన సూత్రమట. అదే 1.3, పాతికేళ్ల కుర్రాడికి 78 దాకా వచ్చింది. డెబ్బై ఏళ్ల పెద్దావిడకి 44. ఒకే అంకె, ఒకరికి దర్జా, ఇంకొకరికి దినగండం! ఈజీఎఫ్ఆర్ 45 పైనుంటే చేతి నరంలో ఎక్కించే డైకి భయపడాల్సింది దాదాపు ఏమీ లేదని, 30 నుంచి 44 లోపు మనిషిని బట్టి చూడాలని, 30 కన్నా తగ్గితే మాత్రం తప్పకుండా జాగ్రత్త పడాలని ఆమె వాదన. కానీ ఆడవాళ్లని వయసు అడగడం మర్యాద కాదు. అందుకే ఆ సూత్రం నేను వాడను.

ఇక నీళ్ల సంగతి. ఇది నా డిపార్టుమెంటు.

రేపు స్కానంటే ఇవాళ సూర్యాస్తమయం నుంచే పచ్చి మంచినీళ్లు ముట్టకండి. కాలవ నిండుగా ఉంటే డై పలచబడిపోయి బొమ్మ సరిగ్గా రాదు కదా. మే నెల అయితే మరీ మంచిది. మెట్రోలో అమీర్‌పేట దగ్గరే దిగిపోయి, ఎర్రమంజిల్ దాకా ఎండలో నడిచి రండి, ఉన్న నీళ్లు కూడా చెమటగా పోతాయి. నా ఈ సూత్రం వినగానే ఆ పిల్ల టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఒంట్లో నీళ్లు ఎండిపోయిన మనిషికే కిడ్నీ ముందు దెబ్బతింటుందట. తిండి ఆపమంటే స్కాను సెంటరువాళ్లే చెప్తారు గానీ, నీళ్లు ఆపమని ఎవరూ అనలేదట. ఈజీఎఫ్ఆర్ 30 దిగినవాళ్లకి మామూలు ఉప్పునీటి సెలైనే స్కానుకి గంట ముందు మొదలెట్టి, తర్వాత కొన్ని గంటలపాటు ఎక్కిస్తారట. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత గట్టిగా నిలిచిన రక్షణ అదొక్కటేనట. "అయితే అందరికీ ఓ సీసా కట్టెయ్యొచ్చుగా?" అన్నాను. దానికీ ఒప్పుకోదు. నెదర్లాండ్స్‌లో 660 మంది మీద చేసిన పరీక్ష 2017లో వచ్చిందట. ఈజీఎఫ్ఆర్ 30 నుంచి 59 మధ్య ఉన్నవాళ్లకి సెలైన్ ఎక్కించినా, ఎక్కించకపోయినా ఫలితంలో తేడా రాలేదట. ఎక్కించుకున్నవాళ్లలో కొందరికి ఒంట్లో నీరు చేరడం లాంటి ఇబ్బందులు మాత్రం వచ్చాయట.

సరే, నీళ్లు కావాలంటున్నారుగా, నేను మొండివాణ్ణి కాను. ఎవరి నాన్నగారికైనా గుండె నీరసంగా ఉండి, కాళ్లు వాచి ఉంటే, వెంటనే తూము షట్టర్లు మొత్తం ఎత్తెయ్యమంటాను. గంటకో చెంబు. గుండె సరిగ్గా కొట్టుకోనివాళ్లకి అలా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లో నిండుతాయని అమ్మాయి అంటుంది. నీళ్లు పల్లానికి పోతాయి గానీ పైకెలా ఎక్కుతాయండీ?

అన్నట్టు, ఆమె చెప్పినవాటిలో ఒక్కటి నాకు నచ్చింది. మన కిడ్నీలు రెండూ కలిసి రోజుకి 180 లీటర్లు వడగట్టి, బయటికి వదిలేది లీటరున్నరేనట. మిగతాదంతా తిరిగి ఒంట్లోకే. నా సర్వీసు మొత్తంలో ఇంత నష్టం లేకుండా నడిచిన ప్రాజెక్టు చూడలేదు. ఇలాంటిదాన్ని పాడుచేయడం ఎవరి తరం?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు స్కాను బల్ల మీద కదలకుండా పడుకోవాలంటే ముందు రెండ్రోజులు డైక్లోఫెనాక్ వేసుకోవాలి. నడుము పట్టేస్తే ఇంజెక్షను. మెడికల్ షాపు కుర్రాణ్ణి అడిగితే చీటీ లేకుండానే ఇస్తాడు, ఆర్ఎంపీ అయితే ఇంటికొచ్చి మరీ పొడుస్తాడు. పైగా ఈ బిళ్లల సంగతి స్కాను సెంటరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు, అవి నొప్పి బిళ్లలు, కిడ్నీ బిళ్లలు కావు. ఈ ముక్క అన్నప్పుడు ఆ అమ్మాయి నాతో వాదించలేదు, నా పక్కన కూర్చున్న పేషెంటు వైపు తిరిగి నేరుగా ఆయనకే చెప్పింది. "పెద్దనాన్నా, కిడ్నీలకు రక్తం తీసుకపోయే సన్న నరాలు వెడల్పుగ ఉండాల్నంటే ఒంట్ల కొన్ని రసాయనాలు పనిచేయాలె. నొప్పి గోలీ వాటిని ఆపుతది. డై కూడా కొద్దిసేపు గా నరాలను బిగవడతది. కిడ్నీ లోపలి భాగం మామూలుగనే ఆక్సిజన్ తక్కువతోటి బతుకుతది. రెండు దిక్కుల నుంచి పిసికితే ఏమైతది?" ఆయన జేబులోంచి బిళ్లల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ల నా ప్రాక్టీసులో పేషెంటు చేజారిపోవడం అదే మొదలు.

పసరు మందులు, భస్మాలు వాడుతున్నా చెప్పకండి. అవి మూలికలు, మందుల కిందికి రావు.

స్కాను గదిలోకి పోయే ముందు ఓ ఫారం ఇస్తారు. షుగరుందా, బీపీ ఉందా, కిడ్నీ జబ్బుందా, ఏమేం మందులు వాడుతున్నారు, ఇంతకుముందు డై ఎక్కించుకున్నారా, అప్పుడేమైనా తేడా చేసిందా అని వరసగా అడుగుతారు. అన్నిటికీ "లేదు" కొట్టి, కింద సంతకం పెట్టించి ఇచ్చెయ్యాలి. "ఉంది" అన్నారో, ఇంకో పరీక్ష, ఇంకో రోజు. కాళ్లవాపు లేదు, మూత్రం ధారాళంగా వస్తోంది, అలాంటప్పుడు కిడ్నీ జబ్బు ఎలా ఉంటుంది? దీనికి ఆ పిల్ల ఉద్దానం ఎత్తుకుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, పలాస ఊళ్లలో షుగరు గానీ బీపీ గానీ లేని కష్టజీవులకే కిడ్నీలు పోతున్నాయని, ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదని, చాలామందికి జబ్బు ముదిరేదాకా ఒంట్లో ఏ తేడా తెలియదని, పనికోసం హైదరాబాదు వచ్చిన అక్కడివాళ్లు కూడా ఇదే ఫారం మీద "లేదు" అనే రాస్తారని చెప్పింది. ఉద్దానం నాకు చెబుతుందా! హిరమండలం రిజర్వాయరు నుంచి అక్కడికి పైపుల్లో నీళ్లు తేవడానికి పెట్టిన పథకం ముచ్చట నాకు తెలియదా! 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా తెరిచారు. ఇన్ని కట్టాక ఇంకా రక్తపరీక్ష ఎందుకు అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా లేచి వెళ్లిపోయింది, నేను గెలిచినట్టే.

బంజారా హిల్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఒక డాక్టరు మీద నమ్మకం కుదరకపోతే ఆటో మీటరు పెద్దగా తిరగకముందే ఇంకో డాక్టరు దొరుకుతాడు. రోడ్ నంబర్ 1లో ఒక అభిప్రాయం, 10లో రెండోది, 12లో మూడోది. వెళ్లేటప్పుడు పాత స్కాను సీడీ తీసుకెళ్లకండి. పాత బొమ్మ చూపిస్తే కొత్త డాక్టరు మనసు పాడవుతుంది. ఆయన కొత్తగా చూడాలి, అంటే కొత్తగా డై ఎక్కాలి. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, బుధవారానికి యాంజియో. కిడ్నీలకి ఇలా కసరత్తు పడుతుంటే గట్టిపడతాయి. ఇది ఈ ప్రాంతంలో అందరూ పాటిస్తున్న చిట్కానే, నేను కొత్తగా కనిపెట్టలేదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి రెండు డోసులకి మధ్య కనీసం రెండు మూడు రోజుల ఎడం ఉండాలని, ప్రాణం మీదికొస్తే తప్ప వెంటవెంటనే ఎక్కించకూడదని, ఫిల్ముల కన్నా సీడీ ముఖ్యమని, దాన్ని అడిగి తీసుకుని వెంట ఉంచుకోవాలని ఆ పిల్ల రెండో పేషెంటుకి కాగితం మీద రాసిచ్చింది. ఆసుపత్రుల వ్యాపారం ఏమైపోవాలి?

యాంజియోకి వెళ్లేవాళ్లు బల్ల ఎక్కాక ఒక మాట అనడం మరిచిపోకండి: "ఎలాగూ పడుకున్నాను కదా డాక్టరుగారూ, ఆ కాళ్ల నరాలు, మెడ నరాలు కూడా ఓసారి చూసెయ్యండి." ప్యాకేజీలో కలిసొస్తుంది. ఆ పిల్ల మాత్రం వద్దంటుంది. చేతి నరంలో ఎక్కించిన డై ఊపిరితిత్తులు, గుండె తిరిగి పలచబడి కిడ్నీకి చేరుతుందట. యాంజియోలో ధమనిలోకే నేరుగా వదులుతారు కాబట్టి చిక్కగా పోయి తగులుతుందట. అందుకే కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి వాడే డై మిల్లీలీటర్లలో లెక్కేసి, ఈజీఎఫ్ఆర్‌కి మూడు రెట్లు దాటకుండా చూస్తారట. అంటే 30 ఉన్నవాళ్లకి 90 దగ్గర ఆపడం. తొందర లేకపోతే స్టెంటు పని ఇంకో రోజుకి వాయిదా వేస్తారట. పొదుపు చెయ్యాల్సిన చోట చెయ్యరు గానీ!

రొయ్యలు పడనివాళ్లకి డై పడదు. అయోడిన్ అయోడినే కదా. దానికీ దీనికీ సంబంధమే లేదని, రొయ్యలు పడకపోవడం వాటిలోని ప్రోటీను వల్లనని, ఇంతకుముందు డైతోనే దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే అది చెప్పాలని, అదైనా అలర్జీ సంగతే తప్ప కిడ్నీ సంగతి కాదని ఆ పిల్ల నాలుగు ముక్కలు కలిపి ఒకేసారి అంది. నేనైతే భీమవరం నుంచి వచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపేస్తున్నాను.

షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే నెల ముందే ఆపెయ్యండి. షుగరు 400 అయితే అయింది, కిడ్నీ మిగులుతుంది. ఆ పిల్ల లెక్కలో ఆ బిళ్ల కిడ్నీని ఏమీ చెయ్యదట. కిడ్నీయే పాడైతే బిళ్ల ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరుగుతుందన్నదే భయమట. కిడ్నీలు బాగున్నవాళ్లు ఆపనక్కర్లేదట. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువున్నా, కిడ్నీకి అప్పటికే దెబ్బ తగిలి ఉన్నా, ధమనిలో చేసే కొన్ని పరీక్షలకైనా ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత పరీక్ష చూసుకుని మళ్లీ మొదలుపెడతారట, అదీ డాక్టరు చెబితేనే. అన్నీ "అయితే"లే, ఒక్కటీ సూటిగా ఉండదు.

ఎసిటైల్ సిస్టీన్ అని ఓ మందుంది. దాన్ని నేను కళ్లు మూసుకుని రాసిస్తాను. 2000లో జర్మనీలో 83 మంది మీద పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసిందని వచ్చింది, ప్రపంచమంతా వాడింది. 2018లో కిడ్నీ జబ్బుతో యాంజియోకి వచ్చిన దాదాపు 5000 మంది మీద పెద్ద పరీక్ష చేస్తే, ఈ మందు వల్లా, సోడా కలిపిన సెలైన్ వల్లా అదనంగా ఒరిగిందేమీ లేదని తేలిందట. పద్దెనిమిదేళ్లు వాడినదాన్ని ఒక్క పరీక్షతో ఎలా వదులుకుంటాం?

డై అడిగేటప్పుడు పాతకాలం సరుకే అడగండి. పాతవాటి గాఢత రక్తం కన్నా అయిదారు రెట్లు ఉండేదట, ఇప్పటివి రెండింతలకి కాస్త అటూఇటూ, కొన్నయితే రక్తంతో సమానం. పలచటి పాలకి ఎవరైనా డబ్బులిస్తారా? ఈ డై వల్ల కిడ్నీలు పోతాయన్న భయం చాలావరకు ఆ పాత రకాల నాటిదేనని, డై ఎక్కించనివాళ్లని పక్కన పెట్టుకుని లెక్కేయకుండా వచ్చిన క్రియాటినిన్‌ల నిందంతా దీని మీదే వేశారని ఆమె అంటుంది. 2008లో ఓ పరిశోధనలో డై ముఖం కూడా చూడని 32 వేలమంది ఆసుపత్రి పేషెంట్ల క్రియాటినిన్లు గమనిస్తే, సగానికి పైగా జనంలో అవి కొద్దిరోజుల్లోనే పాతిక శాతమో అంతకన్నా ఎక్కువో అటూఇటూ మారాయట. జ్వరం, విరేచనాలు, బీపీ పడిపోవడం, ఇన్‌ఫెక్షను, ఇవన్నీ అంకెని కదిలిస్తాయి. ఆ అంకెలు నాకు తలకెక్కలేదు గనక వదిలేద్దాం.

అయోడిన్ గొడవే వద్దంటారా, ఎంఆర్ఐకి పొండి, అందులో డై కిడ్నీ జోలికే పోదు. పోతుందట. గడోలినియం అనే లోహం. పాత రకాలతో, కిడ్నీలు బాగా పాడైనవాళ్లకి చర్మం చెక్కలా బిగుసుకుపోయే జబ్బు వచ్చినట్టు 2006లో బయటపడిందట. కొత్త రకాలతో ఆ ముప్పు చాలా చాలా తక్కువట.

డై ఎక్కగానే ఓసారి డయాలసిస్ చేయించుకుంటే మొత్తం కడిగేసినట్టు అవుతుంది కదా, ఇది నా సొంత ఆలోచన. అలా చేస్తే రక్షణ ఏమీ రాదని, గొట్టం వేసినందుకు కొత్త ముప్పు వస్తుందని, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి కూడా స్కాను అయిందని అదనంగా చేయరని ఆమె కొట్టిపారేసింది. అవయవదానం నమోదు చేసే జీవన్‌దాన్ నిమ్స్‌లోనే ఉంది, కిడ్నీ కోసం పేర్లు రాసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లని వెళ్లి చూడండి అంకుల్ అంది. నాకు అటు పోయే తీరిక ఎక్కడుంది?

అన్నిటికన్నా పెద్ద సలహా చివర్లో చెబుతున్నాను. కిడ్నీల మీద ప్రేమ ఉంటే, ఏం జరిగినా సరే, డై వద్దనండి. గుండెపోటు వచ్చి యాంజియో అంటే వద్దనండి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనుమానం ఉంది, సీటీ కావాలంటే వద్దనండి. పక్షవాతం వచ్చి మెదడు నరం ఎక్కడ మూసుకుందో చూడాలంటే, "ముందు క్రియాటినిన్ రానివ్వండి" అని ల్యాబు ముందు బైఠాయించండి. మొన్న ఒకాయన అలాగే నా మాట మీద లేచాడు. ఆ పిల్ల ఆయన్ని చెయ్యిపట్టుకుని ఆపింది. ఆమెకి కోపం రావడం అదే చూశాను. "నిమిషాలు లెక్కబెట్టే జబ్బుల్ల కిడ్నీ కోసం ఆగరు పెద్దనాన్నా. కిడ్నీ దెబ్బతిన్నా చాలాసార్లు తేరుకుంటది. గుండె కండ చచ్చిపోతే తిరిగి రాదు" అంది. ఆయన ఆమె వెంట వెళ్లాడు. టీ డబ్బులు నేనే కట్టాను.

స్కాను అయిపోయాక రెండు మూడు రోజులకి మళ్లీ క్రియాటినిన్ చూపించుకోమంటారు, ఈజీఎఫ్ఆర్ తక్కువున్నవాళ్లకి మరీ ముఖ్యమంటారు. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలోపల ఒకటిన్నర రెట్లయినా, మూత్రం తగ్గినా వెంటనే రమ్మంటారు. మీరు మాత్రం ఆ సాయంత్రమే తిరుపతి బస్సెక్కండి. పరీక్ష చేయిస్తేనే కదా పెరిగినట్టు తెలిసేది!

నా సలహాకి ఫీజు లేదు. కాదని ఆ జగిత్యాల అమ్మాయి మాటే వింటామంటే, మీ ఈజీఎఫ్ఆర్ ఎంతో, ఏమేం బిళ్లలు మింగుతున్నారో ఓ కాగితం మీద రాసుకుని, పాత సీడీతో సహా స్కాను సెంటరువాళ్ల చేతిలో పెట్టండి, నాకేం పోయింది. నా మాటే విన్నవాళ్లు తర్వాత వచ్చే బిల్లులు నాకు పంపకండి.